అవినీతి: మాట, అర్థం, వాడుక

అవినీతి అంటే నీతి నియమాలకు కట్టుబడకపోవడం, మంచి నడవడి తప్పడం. నిఘంటువు చెప్పే అర్థం ఇంతే. నేటి తెలుగులో మాత్రం ఈ మాటకు దాదాపు ఒకే అర్థం మిగిలింది. ప్రభుత్వ ఉద్యోగో పదవిలో ఉన్న నాయకుడో అధికారాన్ని అడ్డం పెట్టుకుని డబ్బు తీసుకోవడమే అవినీతి. 'వాడు అవినీతిపరుడు' అంటే వినేవారికి తోచేది లంచమే. అబద్ధాలకోరనో, నమ్మినవారిని ముంచేవాడనో, అవసరాన్నిబట్టి మాట మార్చేవాడనో ఎవరూ అనుకోరు. మనిషి నడవడి మొత్తాన్ని తూచగలిగిన మాట నోట్ల లెక్కకు పరిమితమైపోవడం తెలుగు పదచరిత్రలో పట్టించుకోవలసిన మార్పు. డబ్బు చేతులు మారని నీతిమాలినతనం దీనివల్ల చాలాసార్లు పేరు లేకుండా తప్పించుకుంటోంది.

పుట్టుక

నీతి సంస్కృత పదం. నడిపించు, తీసుకుపోవు అనే అర్థమున్న 'నీ' ధాతువు నుంచి వచ్చింది. నేత, నాయకుడు, నయం, వినయం, అభినయం, ప్రణయం అన్నీ ఆ ధాతువు సంతానమే. మనిషిని దారిలో నడిపించేది నీతి. 'వి' చేరితే వచ్చే 'వినీత' శబ్దానికి శిక్షణ పొందినది, అదుపులో ఉన్నది అని అర్థం. చక్కగా శిక్షణ పొంది రౌతు చెప్పినట్టు నడిచే గుర్రాన్ని అమరకోశం వినీతం అంటుంది. అవినీతుడంటే ఆ శిక్షణ లేనివాడు, పొగరుబోతు.

వ్యాకరణం ప్రకారం నీతికి నేరుగా ఎదురు నిలిచే మాట అనీతి. అవినీతి వినీతికి వ్యతిరేకం. వాడుకలో అనీతి పుస్తకాలకు పరిమితమైంది, దాని చోటును కూడా అవినీతే ఆక్రమించింది. ఉపన్యాసాల్లో 'అవినీతి, అక్రమాలు' అనీ, ప్రాస కలిసి 'అవినీతి, బంధుప్రీతి' అనీ జంటగా వినపడడం ఈ మాట నిలదొక్కుకోవడానికి బాగా తోడ్పడింది.

ఈ పాత అర్థానికి రాజుల పేర్లే సాక్ష్యం. తలకాడు కేంద్రంగా ఏలిన పడమటి గంగరాజుల్లో ఒకరి పేరు అవినీతుడు. ఆయన కొడుకు దుర్వినీతుడు. ఇద్దరూ ఆరో శతాబ్దంలో పేరున్న రాజులే. దుర్వినీతుడు గొప్ప పండితుడు. భారవి రాసిన కిరాతార్జునీయంలో 15వ సర్గకు వ్యాఖ్య రాశాడని శాసనం చెబుతోంది, కన్నడ గద్యకర్తల్లో ఒకడిగా కవిరాజమార్గం అతని పేరు చెప్పింది. లంచగొండి అన్న అర్థమే ఆనాడు అవినీతుడన్న పేరులో ధ్వనించి ఉంటే ఏ తండ్రీ కొడుక్కి ఇలాంటి పేరు పెట్టడు. ఎవరికీ లొంగనివాడు, అదుపులో పెట్టడానికి వీలుకానివాడు అన్న ధ్వని రాజుకు శోభే.

నీతిలో ఉన్న రెండు అర్థాలు

నీతి అనే మాటలోనే ఒక చిక్కు ఉంది. ఒకవైపు అది సదాచారం, మరోవైపు రాజ్యం నడిపే ఉపాయం. దండనీతి, రాజనీతి అన్న సమాసాల్లో రెండో అర్థమే ముఖ్యం. కామందకుడి నీతిసారం, తెలుగులో బద్దెన నీతిశాస్త్రముక్తావళి, నీతి గ్రంథాలను గాలించి మడికి సింగన కూర్చిన సకలనీతిసమ్మతము ఈ దారిలోవే. రాజు ఎవరిని నమ్మాలి, ఎవరిని కనిపెట్టి ఉండాలి, ఖజానాను ఎలా కాపాడుకోవాలి అన్నవి ఇక్కడి ప్రశ్నలు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ప్రభుత్వ ధనాన్ని ఉద్యోగులు కాజేసే ఉపాయాలు నలభై అని లెక్కపెట్టి ఒక్కొక్కటే వివరిస్తుంది. ముందు వసూలైనదాన్ని తర్వాత వచ్చినట్టు రాయడం, ఒకరు కట్టినదాన్ని మరొకరి పేర చూపడం, ఇవ్వవలసింది ఇవ్వకుండానే ఇచ్చినట్టు రాయడం లాంటివి అందులో ఉన్నాయి. ఏ ఆడిట్ నివేదికను తిరగేసినా వీటిలో కొన్నయినా ఇప్పటికీ ఎదురవుతాయి.

1853లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక ఈ చిక్కును బాగా చూపిస్తుంది. మిత్రభేదంలో దమనకుడనే నక్క పింగళకుడనే సింహానికీ సంజీవకుడనే ఎద్దుకూ మధ్య చిచ్చు పెడుతుంది. సింహం దగ్గర ఒక మాట, ఎద్దు దగ్గర ఇంకో మాట చెప్పి ఇద్దరిలోనూ అనుమానం నాటుతుంది. చివరికి ఎద్దు ప్రాణం పోతుంది, నక్క కొలువు నిలబడుతుంది. పైసా చేతులు మారలేదు. అయినా తెలుగు గద్యంలో అంతకంటే నీతిమాలిన పాత్రను వెతకడం కష్టం. పుస్తకం పేరు నీతిచంద్రికే, తరతరాల పిల్లలు బడిలో చదివిందీ దాన్నే. దమనకుడిని అసహ్యించుకుంటూ అతని మాటకారితనానికి ముచ్చటపడిన పాఠకులు నీతి అనే మాటలోని రెండు అర్థాలనూ ఒకేసారి రుచి చూశారు.

పొరుగు భాషలు ఈ రెంటిలో ఏదో ఒక వైపుకు మొగ్గాయి. హిందీలో నీతి అంటే ముఖ్యంగా ప్రభుత్వ విధానం. తమిళంలో న్యాయం, అందుకే అక్కడ న్యాయస్థానం నీతిమన్రం. తెలుగులో నీతి అంటే సదాచారం, కథ చివర పిల్లలకు చెప్పే బుద్ధి. ఆ కారణంగానే హిందీ, కన్నడం భ్రష్టాచారం అనే చోట తెలుగు అవినీతి అనగలుగుతోంది.

ప్రజల నోట

మాట్లాడే తెలుగులో నీతి లేనివాడిని వర్ణించడానికి అవినీతి కంటే పదునైన మాటలు చాలా ఉన్నాయి. 'మాలు' అంటే నశించు, కోల్పోవు. సిగ్గుమాలిన, దిక్కుమాలిన, పనికిమాలిన వంటివాటి వరుసలోదే నీతిమాలిన. నీతి లేని అంటే మొదటినుంచీ లేదని కావచ్చు. నీతిమాలిన అంటే ఉన్నది పోగొట్టుకున్నాడని. ఆ తిట్టులో ఒక బాధ కూడా ఉంది. నీతి తప్పినవాడు అన్నప్పుడు ఇంకా దారికి రావడానికి అవకాశం వదిలినట్టుంటుంది. నీతిబాహ్యం, అనైతికం అన్నవి సంపాదకీయాలవి, ఇంట్లో ఎవరూ అనరు. తెలంగాణలో ఉర్దూ నుంచి వచ్చిన బేమాన్ ఈ పని చేస్తుంది. ఈమాన్ అంటే విశ్వాసం. బేమాన్ అన్నప్పుడు నమ్మకద్రోహమే ముందుంటుంది, లంచం వెనక్కి పోతుంది.

క్రైస్తవుల తెలుగులో నీతి మరింత బరువైన మాట. తెలుగు బైబిలు దేవుని ఎదుట నిర్దోషిగా నిలిచినవాడిని నీతిమంతుడు అంటుంది, దానికి ఎదురుగా దుర్నీతి అంటుంది. ఆదివారం ప్రసంగంలో దుర్నీతి అంటే అసూయ, కపటం, క్రూరత్వం అన్నీ కలిసిన మొత్తం నడవడి. బయట కుదించుకుపోయిన అర్థం మందిరంలో పూర్తిగా నిలిచి ఉంది.

ఇక నీతులు అని బహువచనం చేస్తే మాట తలకిందులవుతుంది. 'నీతులు చెప్పకు' అన్నప్పుడు తప్పు చెప్పేవాడిదే. చెప్పేవి శ్రీరంగ నీతులు, దూరేవి దొమ్మరి గుడిసెలు అనే సామెత ఈ వేషధారణనే పట్టుకుంది. సామెత దెబ్బ తగలవలసింది కపటికి. అది వెళ్ళి తగిలేది మాత్రం గడల మీద, తాళ్ళ మీద విన్యాసాలు చేసి పొట్టపోసుకున్న ఒక సంచార జాతి ఇంటి పరువుకు. నీతి గురించి మాట్లాడుతూనే ఒక సమూహాన్ని కించపరిచే ఈ సామెతను పత్రికలు ఇకనైనా వదులుకోవాలి. 'శ్రీరంగ నీతులు' అన్న సగం చాలు, అర్థం పూర్తిగా అందుతుంది.

లంచానికి మెత్తని పేర్లు

మనిషిని తిట్టడానికి తెలుగు ఎంత కటువైన మాటలు దాచుకుందో, అతను చేసే పనికి అంత మెత్తని పేర్లు పెట్టింది. లంచం పాత మాట, సంస్కృతంలోనూ ఉంది, తప్పు తప్పుగానే వినిపిస్తుంది. తక్కినవి అలా కావు.

మామూలు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. వాడుకలో ఉన్నది, అలవాటైనది అని అర్థం. కుంపెనీ కాలపు రెవెన్యూ కాగితాల్లో మామూలు అంటే ఆనవాయితీగా చెల్లించేది. దసరా మామూలు కూడా ఆ అర్థంలోదే. ఏడాది పొడుగునా పని చేసిపెట్టినవారికి పండగపూట అందరి ఎదుటా సంతోషంగా ఇచ్చేది. నెల మామూలు వేరు. బండి పెట్టుకుని పళ్ళు అమ్ముకునేవాడు ఆ చోట నిలబడనివ్వడం కోసం నెలనెలా ఇచ్చేది అది. ఇవ్వకపోతే బండి లేచిపోతుంది. రెండింటికీ ఒకే పేరు ఉండడంలోనే మోసం ఉంది. 'మామూలు ఇచ్చావా' అని అడిగేవాడు తప్పు చేస్తున్నట్టు అడగడు, బాకీ వసూలు చేస్తున్నట్టు అడుగుతాడు. మామూలు మనిషి, మామూలు రోజు అన్నప్పుడు వాడే మాటనే దీనికీ వాడుతున్నాం కనుక అందులోని నేరం చెవికి తగలదు.

ముడుపు కథ ఇంకా బాధాకరం. ఆపదలో ఉన్న ఇల్లాలు పసుపు నీళ్ళలో తడిపిన గుడ్డలో నాణేలు కట్టి, మొక్కు తీరాక తిరుమల హుండీలో వేస్తానని దేవుడి గూట్లో పెట్టుకునేది ముడుపు. ఒప్పందాల కుంభకోణాల వార్తల్లో కోట్ల రూపాయల లంచానికీ ఇప్పుడు అదే మాట. భక్తితో కట్టినది, భయంతోనో ఆశతోనో ముట్టజెప్పినది ఒకే పేరుతో చలామణీ అవుతున్నాయి.

మిగతావన్నీ చేతులూ నోరూ. చేయి చాపడం, చేయి తడపడం, బల్ల కింద చేయి పెట్టడం అడగడానికీ ఇవ్వడానికీ గుర్తులు. తినడం, మింగడం, మేయడం, బొక్కడం దోచుకోవడానికి. 'ఆ ఆఫీసరు తినడు' అంటే నిజాయితీపరుడనే కితాబు. తిన్నది కక్కించడం శిక్ష. డబ్బు కోసం గడ్డి తినడం అన్న నుడికారంలో మాత్రం జనం తీర్పు సూటిగా ఉంది, మనిషి పశువైపోయాడని. ఆమ్యామ్యా అనే చంటిపిల్లల మాట లంచానికి పేరవడంలో తెలుగు సినిమా నవ్వుల పాత్ర చాలా ఉంది.

ఆనవాయితీ అన్న ముసుగులో ఎంత ఘోరం దాగగలదో గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకానికి రాసిన ముందుమాటలో ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని ఆడపిల్లలను పెళ్ళి చేసిన వివరాలు పోగుచేయించారు. మూడేళ్ళలో తేలినవి 1034 పెళ్ళిళ్ళు. అయిదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు, ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు. ఆ తండ్రులు తమను అవినీతిపరులనుకోలేదు. కులంలో ఉన్న రివాజు, తాతలనాటి అలవాటు. అక్షరాలా అది మామూలే.

చట్టం చేతిలో

ఈ మాట అర్థం ఇంతగా కుదించుకుపోవడంలో చట్టానికీ ప్రభుత్వ పరిభాషకూ పెద్ద వాటా ఉంది. కేంద్రం 1947లోనే అవినీతి నిరోధక చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) 1961 జనవరిలో విడి శాఖగా ఏర్పడింది. అవినీతి నిరోధంపై వేసిన సంతానం కమిటీ సిఫారసుల మీద 1964లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ వచ్చింది. 1988లో కొత్త చట్టం పాతదాని స్థానం తీసుకుంది, 2018లో దానికి పెద్ద సవరణలు జరిగాయి. శాఖ పేరులోనే ఉన్న మాట రోజూ పత్రికలకెక్కడంతో అవినీతి అంటే ఆ శాఖ పట్టుకునే నేరమే అన్న భావం స్థిరపడింది.

ఆ పట్టుకోవడం ఎలా జరుగుతుందో చూస్తే అర్థం కుదింపు కళ్ళకు కడుతుంది. ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లు మధ్యవర్తుల ఎదుట రాసుకుంటారు. నోట్లకు ఫినాఫ్తలీన్ అనే తెల్లని పొడి పూస్తారు. అడిగితేనే ఇవ్వమనీ, ఊరికే చేతిలో పెట్టవద్దనీ ఫిర్యాదుదారుకు గట్టిగా చెబుతారు. డబ్బు చేతులు మారాక అతను సైగ చేస్తాడు, బయట కాచుకున్నవారు లోపలికి వస్తారు. గాజు గ్లాసులో సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళు పోసి ఉద్యోగి వేళ్ళు ముంచమంటారు. పొడి అంటిన వేళ్ళయితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్ళను సీసాలో పోసి, సీలు వేసి, ప్రయోగశాలకు పంపుతారు. రంగు మారినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. లంచం అడిగాడని కూడా తేలాలి. ఫిర్యాదుదారు చనిపోయినా ఎదురు తిరిగినా ఆ అడగడాన్ని ఇతర ఆధారాలతో రుజువు చేయవచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

మర్నాడు పత్రికలో 'ఏసీబీ వలలో అవినీతి చేప' అని వస్తుంది. పెద్ద ఉద్యోగయితే తిమింగలం అవుతాడు. నోట్ల కట్టలు, నగలు, పొలం కాగితాలు బల్ల మీద పరిచిన ఫోటో పక్కనుంటుంది. ఈ ఫోటోలకు అలవాటుపడిన కళ్ళకు బల్ల మీద పరచడానికి ఏమీ లేని అవినీతి కనిపించదు.

నిజానికి చట్టం మన వాడుకంత ఇరుకు కాదు. దాని దృష్టిలో ప్రతిఫలమంటే డబ్బే కానక్కరలేదు, డబ్బుతో లెక్కగట్టగలిగిందీ కానక్కరలేదు.

డబ్బు లేని అవినీతి

కన్యాశుల్కం నాటకంలోని గిరీశం లంచాలు మేసే ఉద్యోగి కాడు. అతని నేరాలు వేరు. అప్పులు ఎగవేస్తాడు, ఒక ఇంట్లో తిని ఇంకో ఇంటికి ఎసరు పెడతాడు, వితంతు వివాహం గురించి గొప్ప ఉపన్యాసాలు ఇస్తూ వితంతువు అయిన బుచ్చమ్మను తన సుఖం కోసం మాయ చేస్తాడు. ఏ ఆదర్శమైనా అతనికి ఆ పూట గడవడానికి పనికొచ్చే సరుకు. 1897లో మొదటిసారి అచ్చయి, 1909లో తిరగరాసిన రూపంలో స్థిరపడిన నాటకం ఇన్నాళ్ళూ బతకడానికి ఒక కారణం ఈ మనిషి మన మధ్య ఇంకా తిరుగుతూ ఉండడమే. అతని పేరే ఒక పదమైపోయింది. ఫలానావాడు గిరీశం అంటే తెలుగువారికి మరో వివరణ అక్కరలేదు. నేటి అర్థంలో మాత్రం గిరీశాన్ని అవినీతిపరుడు అనలేం.

రాజకీయాల్లోనూ ఇంతే. 1967లో హర్యానాలో గయాలాల్ అనే శాసనసభ్యుడు వెంటవెంటనే పార్టీలు మారాక ఆయారాం గయారాం అన్న మాట దేశమంతా పాకింది. తెలుగులో దీన్ని ఫిరాయింపు అంటాం. గోడ దూకడం, కండువా మార్చడం, గోడమీది పిల్లి అన్నవి నోటి మాటలు. 1984 ఆగస్టు 16న ఎన్.టి.రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు తొలగించినప్పుడు ఆయన వైపు ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటకకు తరలించారు, సరిగ్గా నెలకు సెప్టెంబరు 16న ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పరిణామాలతో క్యాంపు రాజకీయాలు, వెన్నుపోటు అన్న మాటలు తెలుగు రాజకీయ భాషలో పాతుకుపోయాయి. మరుసటి ఏడాది రాజ్యాంగానికి 52వ సవరణ జరిగి ఫిరాయింపుల నిషేధం పదో షెడ్యూలుగా చేరింది. మూడో వంతు సభ్యులు చీలితే చెల్లుతుందన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది. మూడింట రెండు వంతుల మంది విలీనమైతే చెల్లుబాటన్నది ఇంకా ఉంది. ఓటరు ఒక గుర్తు చూసి వేసిన ఓటును ఇంకో గుర్తు కిందికి మోసుకుపోవడం నమ్మకద్రోహం. దాన్ని అవినీతి అనడానికి మాత్రం డబ్బు సంచులు దొరికేదాకా ఆగుతున్నాం. సభలో ఓటు వేయడానికి లంచం తీసుకున్న సభ్యుడికి విచారణ నుంచి రక్షణ ఉందన్న 1998 నాటి తీర్పును సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చి 4న కొట్టివేసింది. లంచం లేకుండా కేవలం పదవి మోజుతో మాట తప్పినవాడి సంగతి ఆ తీర్పు పరిధిలోకి రాదు.

ఈ ఖాళీని కొంత పూడుస్తున్నది 'నైతిక బాధ్యత'. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోయారు, నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళదేశంలోని అరియలూరు దగ్గర మరో రైలు పడిపోయాక రాజీనామా చేసి వెళ్ళిపోయారు. చట్టం వేలెత్తి చూపని తప్పుకు కూడా పూచీ పడడం ఆ మాటకు అర్థం. 'నైతిక బాధ్యత వహించి రాజీనామా చేయాలి' అన్న డిమాండు ఇప్పటికీ ప్రతి ప్రమాదం తర్వాతా వినిపిస్తుంది. 'నైతిక విజయం' మాత్రం ఓడిపోయిన పార్టీల నోళ్ళలో పడి అరిగిపోయింది.

ఇచ్చేవాడు

లంచం పుచ్చుకునేవాడికి తెలుగులో లంచగొండి, లంచావతారం అని పేర్లు ఉన్నాయి. ఇచ్చేవాడికి అలా నాలుక మీద ఆడే పేరు లేదు. లంచదాత అంటే ఎవరో దానశీలి అన్నట్టు వినిపిస్తుంది. ఇచ్చినవాడు కూడా తన గురించి చెప్పుకునేటప్పుడు లంచం మాట ఎత్తడు. పని చేయించుకున్నాను అంటాడు, ఖర్చయింది అంటాడు, చేయి తడపక తప్పలేదు అంటాడు. చాలాసార్లు అది నిజం కూడా. పట్టాదారు పాసుపుస్తకం కోసం తిరిగి తిరిగి విసిగిన రైతుకూ, టెండరు దక్కించుకోవడానికి ముందే వాటా లెక్కగట్టుకుని వెళ్ళే కాంట్రాక్టరుకూ భాష ఒకటే అయినా ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు. 2018 సవరణ ఈ తేడాను గుర్తించింది. లంచం ఇవ్వడం కూడా నేరమేననీ, ఏడేళ్ళ దాకా జైలు పడవచ్చనీ చెబుతూ, బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా సంబంధిత అధికారులకు తెలియజేస్తే అతనికి అది వర్తించదంది. బలవంతం మీద ఇచ్చినవాడికీ లాభం కోసం ఇచ్చినవాడికీ చట్టంలో వేరువేరు స్థానాలు ఏర్పడ్డాయి. తెలుగు వాడుకలో ఆ రెండో మనిషికి పేరు ఇంకా పుట్టవలసే ఉంది.